ఎంఎల్‌డీ ఒక్కటే లెక్క కాదు: నెల్లూరు జిల్లాలో ఒక చిన్న ఊరి ఎస్టీపీ విస్తరణ

నెల్లూరు జిల్లాలో హైవేను ఆనుకున్న ఒక మున్సిపాలిటీ మురుగునీటి శుద్ధి ప్లాంటు (ఎస్టీపీ) ఇది. ఊరి పేరుతో ఇక్కడ పని లేదు. ఉన్నది 4 ఎంఎల్‌డీ, అంటే రోజుకు 40 లక్షల లీటర్లు శుద్ధి చేసే రెండు బేసిన్ల ఎస్‌బీఆర్, అంటే నింపడం, గాలి పట్టించడం, తేర్చడం, పై నీరు వదలడం అన్నీ ఒకే ట్యాంకులో వంతులవారీగా జరిగే పద్ధతి. మనిషికి రోజుకు 135 లీటర్ల నీటి సరఫరా, అందులో 80 శాతం మురుగుగా తిరిగొస్తుందన్న కేంద్ర ప్రజారోగ్య ఇంజనీరింగ్ సంస్థ (సీపీహెచ్‌ఈఈఓ) మాన్యువల్ లెక్కన తలకు 108 లీటర్లు, 37 వేల మందికి 4 ఎంఎల్‌డీ. ఆ తర్వాత బైపాస్ పక్కన లేఅవుట్లు పడ్డాయి, చుట్టుపక్కల పల్లెలు విలీనమయ్యాయి, ప్లాంటు పరిధిలోని జనం 56 వేలకు చేరారు. 2041కి 74 వేలని అంచనా. 108తో గుణిస్తే 8 ఎంఎల్‌డీ. అందుకని మొదటి ఎస్టిమేటు "ఉన్నదాని పక్కనే అలాంటిదే ఇంకోటి" అన్న ధోరణిలో తయారైంది: బేసిన్లు రెండు, గాలి ఊదే బ్లోయర్లు రెండు, క్లోరిన్ ట్యాంకు ఒకటి, స్లడ్జ్ (శుద్ధిలో అడుగున దిగే మడ్డి) ఆరబెట్టే మడులు పన్నెండు.

అందులో కొన్ని అక్కర్లేనివి. కావాల్సినవి కొన్ని అసలు లేవు. బోర్డు మీద 4 ఎంఎల్‌డీ అని రాసినంత మాత్రాన ప్లాంటులో ప్రతి భాగమూ నాలుగు దగ్గర ఆగదు. పంపుల పరిమితి గంట ప్రవాహం మీద, బ్లోయర్ల పరిమితి బీఓడీ (మురుగులోని సేంద్రియ పదార్థాన్ని సూక్ష్మజీవులు తినడానికి పట్టే ఆక్సిజన్) కిలోల మీద, మడుల పరిమితి ఎండ మీద ఆధారపడి ఉంటుంది. ఏది ఎక్కడ ఆగుతోందో విడివిడిగా తేల్చకుండా అన్నిటినీ రెండింతలు చేస్తే డబ్బు ఖర్చవుతుంది, ఇబ్బంది మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

వచ్చే నీరు ఎంత

లాగ్‌బుక్‌లో రోజుకు 5.1 ఎంఎల్‌డీ అని ఉంది. పంపు నడిచిన గంటలను నేమ్‌ప్లేటు మీదున్న గంటకు 210 ఘనపు మీటర్లతో గుణిస్తే వచ్చిన అంకె అది. ముందుగా నేమ్‌ప్లేటును పరీక్షకు పెట్టాలి. వెట్‌వెల్ (పంపులు తోడే మురుగు బావి) వ్యాసం 5 మీటర్లు, కాబట్టి మట్టం ఒక మీటరు దిగితే 19.6 ఘనపు మీటర్లు పోయినట్టు. ఇన్‌లెట్ గేటు మూసి ఒక్కో పంపునే నడిపితే మొదటిది ఆ మీటరు దించడానికి 5 నిమిషాల 40 సెకన్లు తీసుకుంది, అంటే గంటకు 208 ఘనపు మీటర్లు. రెండోది 6 నిమిషాల 5 సెకన్లు, అంటే 194. ఇంపెల్లర్ (పంపు లోపల తిరిగే రెక్క) అరిగింది. దీంతో 5.1 కాస్తా 4.9కి దిగింది.

ఇది కూడా పూర్తి లెక్క కాదు. ఉదయం ఐదున్నర నుంచి తొమ్మిది దాకా రెండు పంపులూ ఆగకుండా నడుస్తున్నా వెట్‌వెల్ మట్టం పెరుగుతూనే ఉంటుంది. అంటే ఆ మూడున్నర గంటల్లో రికార్డయ్యేది పంపుల శక్తే తప్ప ఊరి మురుగు కాదు. మిగిలిన నీరు పై మ్యాన్‌హోల్ నుంచి పొంగి పాత కాలువలో పడుతోంది. ఆ కాలువకు అడ్డంగా 90 డిగ్రీల వీ-నాచ్ (వీ ఆకారపు గంటు) రేకు బిగించి చూస్తే నాచ్ మీద నీటి ఎత్తు సగటున 20 సెంటీమీటర్లు. 1.38ని ఎత్తు (మీటర్లలో) రెండున్నర ఘాతంతో గుణించే మామూలు సూత్రం ప్రకారం సెకనుకు దాదాపు 25 లీటర్లు, గంటకు 89 ఘనపు మీటర్లు, మూడున్నర గంటలకు 310. దీన్నీ కలిపితే అసలు సగటు 5.2 ఎంఎల్‌డీ. అంకె పెద్దగా మారలేదు కానీ ఉదయపు ఉధృతి సంగతి ఇప్పుడు తెలిసింది. డిజైన్‌కు కావాల్సింది అదే.

కొలత వరుసగా రెండు వారాలు సాగాలి. ఇక్కడ కుళాయి నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. నీళ్లు వచ్చిన రోజు ప్రవాహం 5.6 దాకా పోతుంది, రాని రోజు 4.8 దగ్గర ఆగుతుంది. ఒకే రోజు కొలిచి రిపోర్టు రాస్తే ఏ రోజు కొలిచారన్నదాన్ని బట్టి డిజైనే మారిపోతుంది. ఇక నెల్లూరులో వాన ఎక్కువగా ఈశాన్య రుతుపవనాలదే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. మే నెలలో కొలిచిన ప్రవాహానికి నవంబరు వాయుగుండం సంగతి తెలియదు. సైడు కాలువలను అడ్డగించి ప్లాంటుకు మళ్లించిన ఊరు కాబట్టి వాన పడితే వీధి నీరంతా ఇటే వస్తుంది. మళ్లించే ప్రతి చోటా అడ్డుగోడ ఎత్తును ఎండాకాలపు ప్రవాహానికి రెండున్నర రెట్ల వరకే లోపలికి వచ్చేలా సరిచేసి, ఆపైది వాన కాలువలోకి పొర్లిపోయేలా వదలాలి. పది చోట్ల సిమెంటు పని, అంతే. కానీ ఈ పని ఎస్టిమేటులో లేదు.

వచ్చే మురుగులో ఏముంది

పొద్దున పదింటికి ఒక సీసా నింపి ల్యాబుకు పంపే అలవాటు చాలా చోట్ల ఉంది. దానివల్ల పదింటి సంగతే తెలుస్తుంది. గంటకొక నమూనా తీసి, ఆ గంట ప్రవాహాన్ని బట్టి పాళ్లు కలిపితే 24 గంటల నమూనాలో బీఓడీ లీటరుకు 130 మి.గ్రా., సీఓడీ (రసాయనాలతో కొలిచే ఆక్సిజన్ అవసరం) 310, టీఎస్‌ఎస్ (తేలియాడే ఘనపదార్థం) 240, టీకేఎన్ (సేంద్రియ, అమ్మోనియా నత్రజని) 30 తేలాయి. 5.2 ఎంఎల్‌డీకి 130 చొప్పున రోజుకు 676 కిలోల బీఓడీ. మాన్యువల్ ప్రకారం తలకు రోజుకు 27 గ్రాములు. 56 వేల మందికి 1,512 కిలోలు రావాలి. సగం కూడా రావడం లేదు. మిగతాది ఇళ్ల సెప్టిక్ ట్యాంకుల్లో కూర్చుంటోంది, కొంత సైడు కాలువల్లో కుళ్లుతోంది.

ఈ ప్లాంటు నీటితో నిండిపోయింది, బీఓడీతో నిండలేదు. డిజైన్ 1,000 కిలోలకు, వస్తున్నది 676. "నీళ్లలాగే ఉంది కదా, గాలి తక్కువైనా నడుస్తుంది" అనుకుంటే మాత్రం మున్ముందు దెబ్బ తింటారు. భూగర్భ డ్రైనేజీ లైన్లు పడి, ఇంటి కనెక్షన్లు సెప్టిక్ ట్యాంకును తప్పించి నేరుగా లైనులో కలిసే కొద్దీ బీఓడీ 250 వైపు పోతుంది. 74 వేల మందికి 27 గ్రాముల చొప్పున 2,000 కిలోలు. నీరు ఇప్పటికి ఒకటిన్నర రెట్లు అవుతుంది, బీఓడీ మూడు రెట్లు. కాంక్రీటు పనులు నీటి లెక్కన ఇప్పుడే కట్టుకోవాలి, మెషినరీని బీఓడీ లెక్కన దశలవారీగా కొనుక్కోవాలి. మొత్తం డిజైన్ ఈ ఒక్క నిర్ణయం మీదే నిలబడింది.

గంటవారీ నమూనాల్లో ఇంకో రెండు సంగతులు బయటపడ్డాయి. అర్ధరాత్రి రెండు, మూడు గంటల సీసాల్లో పీహెచ్ 5కు పడిపోయింది, పులిసిన గంజి వాసన. బాయిల్డ్ రైస్ మిల్లు ధాన్యం నానబెట్టిన నీరు అది. దాని బీఓడీ లీటరుకు వెయ్యి మి.గ్రా. దాటుతుంది. 60 ఘనపు మీటర్లు వదిలితే 60 కిలోల పైనే, అంటే రోజంతా ఊరు పంపే దాంట్లో దాదాపు పదో వంతు రెండు గంటల్లో దిగుతుంది. ఆ సమయానికి గాలి దశలో ఉన్న బేసిన్‌లో డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) సున్నాకు పోతుంది. మిల్లు ఆవరణలోనే ఒక సమీకరణ ట్యాంకు, సున్నంతో పీహెచ్ సరిచేయడం, 24 గంటలూ సమానంగా వదలడం అన్న షరతులతోనే కనెక్షన్ ఉంచాలి. దానికోసం ప్లాంటును పెంచకూడదు.

రెండోది సెప్టిక్ ట్యాంకుల మడ్డి తెచ్చే బండ్లు. దీని సంగతి స్లడ్జ్ దగ్గర చెప్పుకుందాం. అసలు తలనొప్పి అక్కడే ఉంది.

బేసిన్లు, డికాంటర్లు, క్లోరిన్ ట్యాంకు

పాత బేసిన్ ఒక్కోటి 20 మీటర్ల పొడవు, 17 వెడల్పు, నీటి లోతు 5.5 మీటర్లు, అంటే 1,870 ఘనపు మీటర్లు. నాలుగు గంటల సైకిల్: రెండు గంటలు నింపుతూ గాలి, ఒక గంట స్థిరపడటం, ఒక గంట డికాంట్ (పైన తేరిన నీటిని డికాంటర్‌తో వదలడం). అలాంటివే మరో రెండు కడితే ఘనపరిమాణం 7,480. 2,000 కిలోల బీఓడీకి, లీటరుకు 4 గ్రాముల ఎంఎల్‌ఎస్‌ఎస్‌కు (బేసిన్ నీటిలో స్లడ్జ్ గాఢత), ఎఫ్/ఎం (కిలో స్లడ్జ్‌కు రోజుకు అందే బీఓడీ) 0.067. స్లడ్జ్ వయసు (అది బేసిన్‌లో ఉండే కాలం) 17 రోజుల పైన వస్తుంది. ఈ ఎండల్లో నైట్రిఫికేషన్‌కు (అమ్మోనియా నైట్రేటుగా మారడానికి) ఢోకా లేదు. బేసిన్ల విషయంలో ఎస్టిమేటు సరిగ్గానే ఉంది.

క్లోరిన్ ట్యాంకు దగ్గరే అది దారి తప్పింది. ఎస్‌బీఆర్‌లో క్లోరిన్ ట్యాంకుకు వచ్చేది ప్లాంటుకు వచ్చిన ప్రవాహం కాదు, డికాంటర్ వదిలే ప్రవాహం. పాత ప్లాంటులో పీక్ ఫ్యాక్టర్ (గరిష్ఠ ప్రవాహం సగటుకు ఎన్ని రెట్లన్నది) 2.5, గంటకు 417 ఘనపు మీటర్లు. ఒక బేసిన్‌లో రెండు గంటలు నిండిన 833 ఘనపు మీటర్లను ఒక గంటలో వదిలేయాలి. అందుకే అరగంట నిలవకు 417 ఘనపు మీటర్ల ట్యాంకు కట్టారు. ఇప్పుడు జనాభా 50 వేలు దాటింది కాబట్టి మాన్యువల్ ప్రకారం పీక్ ఫ్యాక్టర్ 2.25. 8 ఎంఎల్‌డీకి గంటకు 750. నాలుగు బేసిన్లను గంట తేడాతో వరుసగా నడిపితే ఎప్పుడు చూసినా ఒక్కటే డికాంట్ అవుతూ ఉంటుంది. వదిలేది గంటకు 750 మించదు. పాత ట్యాంకులోనే 33 నిమిషాల నిలవ దొరుకుతుంది. సామర్థ్యం రెండింతలైనా క్లోరిన్ ట్యాంకును ముట్టుకోనక్కర్లేదు.

దీనికొక మెలిక ఉంది. పాత జంట, కొత్త జంట వేర్వేరు పీఎల్‌సీల (నియంత్రణ కంప్యూటర్ల) మీద నడిస్తే ఏదో ఒక రోజు రెండు డికాంటర్లు ఒకేసారి దిగుతాయి. గంటకు 1,500 వచ్చి క్లోరిన్ ట్యాంకులో నిలవ సగానికి పడిపోతుంది, కాలువ గట్టు మీదుగా పొర్లుతుంది. కాబట్టి నాలుగు బేసిన్లకూ ఒకే పీఎల్‌సీ ఉండాలి, "ఒకటి డికాంట్‌లో ఉండగా ఇంకోటి దిగరాదు" అన్న ఇంటర్‌లాక్ ప్రోగ్రాములో ఉండాలి, లిమిట్ స్విచ్ నుంచి తీగ ద్వారానూ ఉండాలి. ఒక బేసిన్ రిపేరులో ఉంటే మూడింటిని మూడు గంటల సైకిల్ మీద నడపాలి. అప్పుడు ఒక్కోటీ గంట నిండి, 750 ఘనపు మీటర్లను 45 నిమిషాల్లో వదలాలి. కొత్త డికాంటర్లను గంటకు 1,000 ఘనపు మీటర్లకు కొనడం అందుకే. ఆ రోజుల్లో క్లోరిన్ నిలవ 25 నిమిషాలకు తగ్గుతుంది, మోతాదు పెంచుకోవాలి.

నీటి నాణ్యత గురించి ఒక్క మాట. 2017 అక్టోబరు కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం ఇలాంటి ఊళ్లకు లీటరుకు బీఓడీ 30 మి.గ్రా., టీఎస్‌ఎస్ 100 దాకా చెల్లుతుంది. 2019 ఏప్రిల్ 30 నాటి జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్జీటీ) ఉత్తర్వు బీఓడీ 10, టీఎస్‌ఎస్ 20, మొత్తం నత్రజని 10, ఫీకల్ కోలిఫాం (మలం నుంచి వచ్చే బ్యాక్టీరియా) 100 మి.లీ.కు 230 దగ్గర గీత గీసింది. చెరువుల్లోకి వదిలితే భాస్వరం 1. ఈ ప్లాంటు నీరు చేరేది చెరువుకే, దాని కింద ఎడగారు వరి సాగవుతుంది. డిజైన్ రెండో గీతకే చేశారు. భాస్వరానికి ఫెర్రిక్ క్లోరైడ్ వేయక తప్పదు. జీవక్రియ తర్వాత మిగిలే 3 మి.గ్రా.ను 1కి దించడానికి పూర్తి సామర్థ్యం మీద 40 శాతం ద్రావణం రోజుకు 400 కిలోల పైనే పడుతుంది, స్లడ్జ్ మరో 100 కిలోలకు పైగా పెరుగుతుంది. ఈ 100 కిలోలను చాలామంది లెక్కలో వేసుకోరు.

గాలి

పూర్తి భారానికి ఆక్సిజన్ లెక్క ఇది: తొలగించే ప్రతి కిలో బీఓడీకి 1.2 కిలోలు, నైట్రేటుగా మారే ప్రతి కిలో నత్రజనికి 4.57, డీనైట్రిఫికేషన్‌లో (నైట్రేటు నత్రజని వాయువుగా మారేటప్పుడు) తిరిగొచ్చేది కిలోకు 2.86. మొత్తం రోజుకు సుమారు 2,970 కిలోలు. మురుగులో, ఈ వేడిలో డిఫ్యూజర్ (గాలిని సన్న బుడగలుగా వదిలే పరికరం) పనితనం శుభ్రమైన నీటిలో కొలిచినదానికి దాదాపు సగం. కాబట్టి కొనాల్సింది 5,900 కిలోలకు. 4.5 మీటర్ల మునకకు 25 శాతం బదిలీ వేసుకుంటే రోజుకు 84 వేల ఘనపు మీటర్ల గాలి. రోజులో ఒక్కో బేసిన్‌కు 12 గంటల గాలి దశ, ఎప్పుడూ రెండు బేసిన్లు గాలిలో ఉంటాయి, అంటే గంటకు 3,500.

ఉన్నవి 1,800 ఘనపు మీటర్ల రూట్స్ బ్లోయర్లు రెండు, 55 కిలోవాట్ల మోటార్లు. ఇప్పటి భారానికి కావాల్సింది 1,340 మాత్రమే. అదనంగా పోతున్న గాలి వల్ల డీఓ 4, 5 దాకా ఎక్కి, నింపే దశలోనూ ఆక్సిజన్ మిగిలి డీనైట్రిఫికేషన్ జరగడం లేదు. బయటికిపోయే నీటిలో నైట్రేటు ఎక్కువుండటానికి కారణం అదే, కరెంటు బిల్లుకూ అదే. పాత రెండింటికీ వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే పరికరం) బిగించి, 30 కిలోవాట్ల మోటారుతో 900 ఘనపు మీటర్లవి రెండు కొత్తవి కొంటే ఏ ప్రవాహానికైనా సరిపెట్టుకోవచ్చు. పెద్దది ఒకటి ఆగినా 3,600 దొరుకుతుంది.

అయితే ఆ 3,600 కాగితం మీది అంకె, 20 డిగ్రీల గాలికి. రోహిణి కార్తెలో బయట 44 డిగ్రీలుంటే గాలి సాంద్రత ఎనిమిది శాతం దాకా తగ్గుతుంది. 3,600 కాస్తా 3,330 అవుతుంది. సిమెంటు రేకుల బ్లోయర్ రూములో లోపలి గాలినే పీలిస్తే ఇంకా తక్కువ, పైగా మధ్యాహ్నం మూడింటికి వీఎఫ్‌డీ వేడెక్కి ట్రిప్ అవుతుంది. గాలి పీల్చే గొట్టాన్ని గది బయటికి, ఉత్తరం గోడకు తేవాలి, ఎదురుగోడకు ఎగ్జాస్ట్ ఫ్యాన్లు పెట్టాలి, వీఎఫ్‌డీ ప్యానెల్‌కు వేరే గది కావాలి. మూడో 1,800 బ్లోయర్‌కు ఇప్పుడు దిమ్మ, హెడర్‌లో వాల్వు, కేబుల్ ట్రెంచ్ మాత్రమే ఉంచారు.

స్లడ్జ్

లీటరుకు 4,000 మి.గ్రా. ఉండాల్సిన ఎంఎల్‌ఎస్‌ఎస్ 7,500 చూపిస్తోంది. అరగంట సిలిండర్ పరీక్షలో 450 మి.లీ. నిలిచింది, ఎస్‌వీఐ (గ్రాము స్లడ్జ్ దిగాక పట్టే చోటు, మి.లీ.లో) 60. స్లడ్జ్ బాగానే దిగుతోంది కాబట్టి ఆపరేటరుకు అనుమానం రాదు. కానీ ఎంఎల్‌విఎస్‌ఎస్ (స్లడ్జ్‌లో సేంద్రియ భాగం) నిష్పత్తి 0.48. బేసిన్‌లో ఉన్నదాంట్లో సగానికి పైగా మన్ను, నిర్జీవ పదార్థం. పెద్ద ప్రవాహం వచ్చిన పూట స్లడ్జ్ పొర డికాంటర్ దాకా లేచి నల్లగా బయటికి పోతోంది. పరీక్షా ఫలితాల్లో నెలకు రెండు మూడు సార్లు టీఎస్‌ఎస్ వంద దాటడానికి కారణం ఇది. బేసిన్ చాలకపోవడం కాదు.

స్లడ్జ్ ఎందుకు తీయడం లేదంటే పోయడానికి చోటు లేదు. ఆరబెట్టే మడులు పన్నెండు, ఒక్కోటి 10 మీటర్లు × 6 మీటర్లు, మొత్తం 720 చదరపు మీటర్లు. ఒక శాతం స్లడ్జ్‌ను 20 సెంటీమీటర్ల మందాన పోస్తే చదరపు మీటరుకు 2 కిలోల పొడి పదార్థం. అన్ని మడులూ ఒకసారి నిండితే 1,440 కిలోలు. ఎండాకాలంలో ఏడు రోజులకు ఆరినా రోజుకు 205 కిలోలే. డిజైన్ భారానికి రోజుకు తయారయ్యేది 850. అంటే ఈ మడులు కట్టిన రోజు నుంచీ చాలవు. కార్తీక మాసంలో అయితే పోసింది పోసినట్టే ఉంటుంది, పైన వాన నీరు చేరుతుంది. ఇంకో పన్నెండు మడులు కట్టాలన్న ప్రతిపాదన ఈ తప్పునే రెండింతలు చేస్తుంది.

దీనికి తోడు సెప్టిక్ ట్యాంకు బండ్లు. 5 ఘనపు మీటర్ల బండ్లు రోజుకు ఎనిమిది, ప్లాంటు గేటు ముందున్న మ్యాన్‌హోల్‌లో దించుతాయి. సెప్టిక్ ట్యాంకు మడ్డిలో లీటరుకు 20 గ్రాముల ఘనపదార్థం అంటే తక్కువే చెప్పినట్టు. 40 ఘనపు మీటర్లకు 800 కిలోలు. 56 వేల మంది మురుగు నుంచి పుట్టే స్లడ్జ్ కంటే ఈ ఎనిమిది బండ్లు తెచ్చేదే ఎక్కువ. నీటి లెక్కలో వీటి వాటా ఒక శాతం కూడా కాదు కాబట్టి ఎంఎల్‌డీ చూసేవాళ్ల కంట పడదు.

బండ్లను ఆపేస్తే పొలాల్లో, కాలువ గట్ల మీద దించుతారు. అందుకని రాకను ఆపకుండా దారి మార్చారు. గేటు పక్కన బండి పైపు తగిలించే కప్లింగ్, 10 మి.మీ. స్క్రీన్, ఇసుక దిగే గుంట, 60 ఘనపు మీటర్ల నిలవ ట్యాంకు, కింద మిక్సర్. అక్కడి నుంచి మడ్డి నేరుగా స్క్రూ ప్రెస్‌కు (మరతో నీరు పిండే యంత్రానికి) పోతుంది, బేసిన్ మొహం చూడదు. పిండగా వచ్చిన నీరు మాత్రం రాత్రి పదకొండు నుంచి తెల్లవారుజాము నాలుగు దాకా, ప్రవాహం, భారం తక్కువున్న వేళలో, ఇన్‌లెట్‌కు చేరుతుంది. మిల్లు నీరు సమానంగా రావడం మొదలయ్యాకే ఈ ఏర్పాటు కుదురుతుంది. లేకపోతే రెండూ ఒకే గంటలో కలుస్తాయి.

స్క్రూ ప్రెస్‌లు గంటకు 120 కిలోల పొడి పదార్థం తీసేవి మూడు, రెండు నడుస్తూ ఒకటి స్టాండ్‌బై. పది గంటల షిఫ్టుకు 2,400 కిలోలు. పూర్తి భారం నాటికి బేసిన్ల నుంచి 1,700 కిలోలు, ఫెర్రిక్‌ది 100, సెప్టిక్ బండ్లవి ఆనాటికి కనెక్షన్లు పెరిగి సగానికి తగ్గుతాయి కాబట్టి 400 దాకా. ముందు గ్రావిటీ థిక్కెనర్‌లో 0.8 శాతం నుంచి 2 శాతానికి చిక్కబరిస్తే ప్రెస్‌కు వెళ్లే నీరు సగానికి పైగా తగ్గుతుంది. స్లడ్జ్ రేణువులను గుంపు కట్టించే పాలిమర్, పొడి పదార్థం టన్నుకు 4 నుంచి 6 కిలోలు. బోరు నీటితో కలిపితే కాఠిన్యం వల్ల పాలిమర్ సరిగా విచ్చుకోక మోతాదు పెరుగుతుంది, కుళాయి నీరు వాడాలి. కలిపాక కనీసం 40 నిమిషాలు నాననివ్వాలి. ఇరవై శాతం పొడి పదార్థమున్న కేక్ (పిండిన మడ్డి ముద్ద) అంటే రోజుకు 10 టన్నుల పైన, రెండు ట్రాక్టర్ ట్రిప్పులు. పాత మడులకు పైన పారదర్శక రేకులు వేసి, కేక్ ఇంకా ఆరడానికీ, ప్రెస్ రిపేరు రోజులకూ ఉంచారు.

పంపులు, ఇన్‌లెట్

గంటకు 250 ఘనపు మీటర్ల పంపులు మూడు, 125వి రెండు. 250వి రెండు, 125వి రెండు నడిస్తే 750, ఒక 250 స్టాండ్‌బై. తెల్లవారుజామున ప్రవాహం 90 దాకా పడిపోతుంది. అన్నీ పెద్ద పంపులే పెడితే గంటకు పదిసార్లు ఆగి మొదలై మోటార్లు కాలతాయి.

పంప్ హౌస్ నుంచి ప్లాంటుకు 350 మి.మీ. డీఐ (డక్టైల్ ఇనుము) లైను 900 మీటర్లు. 417 వద్ద వేగం సెకనుకు 1.2 మీటర్లు. 750 పంపితే 2.2, హెడ్ నష్టం (గొట్టం రాపిడికి పోయే పీడనం) దాదాపు మూడు రెట్లవుతుంది, ఏ పంపూ తన మంచి పనితనపు పరిధిలో ఉండదు. పక్కన ఇంకో 350 వేశారు. తక్కువ ప్రవాహపు వేళల్లో ఒక్క లైనే వాడాలి, అప్పుడు కూడా 125 పంపు ఒక్కటే నడిస్తే వేగం 0.36, ఇసుక అడుగున కూర్చుంటుంది. రోజుకోసారి రెండు లైన్లనూ వంతులవారీగా 250 పంపుతో పావుగంట కడగాలి.

గ్రిట్‌కు (ఇసుకకు) 3.3 మీటర్ల చదరపు డెట్రిటర్ (ఇసుక దిగే ట్యాంకు) ఒకటి ఉంది, అలాంటిదే ఇంకోటి. 0.15 మి.మీ. ఇసుకకు చదరపు మీటరుకు రోజుకు 960 ఘనపు మీటర్ల లెక్కన రెండూ కలిపి 20 ఎంఎల్‌డీ దాకా తట్టుకుంటాయి. స్క్రీన్లు 6 మి.మీ. మెకానికల్‌వి రెండు. సైడు కాలువల మురుగులో షాంపూ ప్యాకెట్లు, గుట్కా కవర్లు, కొబ్బరి పీచు ఎక్కువ. డిఫ్యూజర్ల మీద చిక్కుకునేవి ఇవే కాబట్టి ఇక్కడ పొదుపు పనికిరాదు.

ప్లాంటు నడుస్తుండగా కట్టడం

కొత్త బేసిన్లకు పాత వాటితో ఉమ్మడి గోడ పెడితే కాంక్రీటు మిగులుతుందన్న సూచన వచ్చింది. పాత రాఫ్ట్ (బేసిన్ అడుగు పలక) కుంగడం ఎప్పుడో అయిపోయింది, కొత్తది ఇప్పుడు కుంగుతుంది. జాయింటు దగ్గర పగులు ఖాయం. రెండు మీటర్ల ఖాళీ వదిలి విడిగా కట్టారు. పైపుల జాయింట్లకు ఆ ఖాళీయే చోటిస్తుంది.

నీటి మట్టాలు కలవాలి కాబట్టి కొత్త బేసిన్ అడుగు కూడా నేల కింద 3 మీటర్లకే. నవంబరులో భూగర్భ జలం నేలకు అర మీటరు లోతుకు వస్తుంది. రాఫ్ట్ మందం 45 సెంటీమీటర్లు, కాబట్టి దాని కింది నుంచి పైకి తోసే నీటి ఎత్తు 2.95 మీటర్లు, చదరపు మీటరుకు 2.95 టన్నులు. ఖాళీ బేసిన్ బరువు రాఫ్ట్, గోడలు కలిపి 2.3 టన్నులే. ఖాళీ చేస్తే తేలుతుంది. ఒక పక్క పది సెంటీమీటర్లు లేచినా ఆ బేసిన్ ఇక దక్కదు. రాఫ్ట్ మందం పెంచుతూ పోతే ఖర్చు అదుపు తప్పుతుంది. బదులుగా రాఫ్ట్ కింద కంకర పొర, చిల్లుల పైపులు, మూలన ఒక సంప్, పంపు, నీటి మట్టం చూసే పైపులు రెండు పెట్టారు. మట్టం రాఫ్ట్ కిందికి దిగాకే బేసిన్ ఖాళీ చేయాలి, అక్టోబరు నుంచి జనవరి దాకా అసలు చేయరాదు. నిర్మాణ దశలోనూ ఇదే ముప్పు: సెప్టెంబరుకల్లా గోడలు లేవకపోతే రాఫ్ట్ మీద నీరు నిలపాలి.

నీటి బిగువు పరీక్షకు ట్యాంకర్లు తెప్పించక్కర్లేదు, క్లోరిన్ ట్యాంకు నుంచి శుద్ధి నీరు పంపితే చాలు. నీళ్ల ట్యాంకుల కాంక్రీటుకు వర్తించే ఐఎస్ 3370 ప్రమాణం ప్రకారం ఏడు రోజులు నాననిచ్చి, తర్వాతి ఏడు రోజుల్లో మట్టం ఎంత తగ్గిందో చూడాలి; ఆవిరి, వాన మినహాయించాక ఆ తగ్గుదల 40 మి.మీ. మించకూడదు. మే నెలలో ఇక్కడ ఆవిరే రోజుకు 8 మి.మీ. దాకా ఉంటుంది, వారానికి 55 పైన. మినహాయింపు కొలవకపోతే మంచి ట్యాంకు కూడా ఫెయిలైనట్టు కనిపిస్తుంది, కారే ట్యాంకును "ఆవిరే" అని పాస్ చేయించుకోవడం కూడా కుదురుతుంది. అడుగున్న ఒక డ్రమ్మును నీటితో నింపి బేసిన్‌లోనే తేలేలా కట్టి, రెండు మట్టాలనూ పొద్దున్నే ఒకే వేళకు కొలవాలి. తేడాయే కారుతున్నది.

పాత ఇన్‌లెట్‌ను కొత్త పంపిణీ ఛాంబర్‌కు కలపడం రాత్రి ఒంటిగంట నుంచి ఐదు దాకా చేసే పని. గంటకు 90 చొప్పున 360 ఘనపు మీటర్లు ఎక్కడో ఆపాలి. 800 మి.మీ. ట్రంకు లైను 700 మీటర్ల పొడవున 350 పట్టుకుంటుంది, మిగిలింది వెట్‌వెల్. ముందే రెంటినీ ఖాళీ చేసి ఉంచాలి, కుళాయి రాని రోజు చూసుకోవాలి, మిల్లుకు ఆ రాత్రి గేటు మూయించాలి. నాలుగున్నరకల్లా కలపడం పూర్తికాకపోతే ఏ మ్యాన్‌హోల్ నుంచి ఎక్కడికి పొర్లించాలో, పంపు సెట్టు ఎక్కడుండాలో కాగితం మీద రాసుకుని మరీ మొదలుపెట్టాలి.

మొదలుపెట్టడం, తర్వాతి మెట్లు

కొత్త బేసిన్లకు పేడ నీళ్లు పోయడం వంటి పనులు అక్కర్లేదు. పాత రెండింటిలో 7,500 లెక్కన 28 టన్నుల స్లడ్జ్ పేరుకుపోయి ఉంది. నాలుగింటికీ పంచితే లీటరుకు 3,750. తీయడానికి చోటు లేక పెరిగిన స్లడ్జ్ ఇక్కడ విత్తనంగా అక్కరకొచ్చింది. నిర్జీవ పదార్థం ఎక్కువున్నందున మొదటి నెలంతా ప్రెస్‌లను రెండు షిఫ్టులు నడిపి, ఎంఎల్‌విఎస్‌ఎస్ నిష్పత్తి 0.6 దాటేదాకా తీస్తూ పోవాలి.

676 కిలోలకు నాలుగు బేసిన్లు ఎక్కువ. తిండి చాలని స్లడ్జ్ సన్నని రేణువులుగా విడిపోయి నీటిపై మసకగా తేలుతుంది. ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు దాకా మూడు నడిపి, నాలుగోదాన్ని శుద్ధి నీటితో నింపి ఉంచాలి. అక్టోబరు మొదటి వారంలో మిగతా మూడింటి నుంచి స్లడ్జ్ మళ్లించి దాన్నీ వరుసలో చేర్చాలి. వానాకాలం పోయాక మళ్లీ మూడు.

నెల సగటు 5.8 ఎంఎల్‌డీ గానీ, బీఓడీ 1,400 కిలోలు గానీ, ఏది ముందు దాటితే అప్పుడు నాలుగో బేసిన్ ఏడాది పొడవునా నడవాలి. 1,600 కిలోలు దాటితే మూడో పెద్ద బ్లోయర్‌కు టెండరు పిలవాలి, డెలివరీ, బిగింపు కలిపి ఏడాది పడుతుందనుకుని. సెప్టిక్ బండ్లు రోజుకు పన్నెండు దాటితే ప్రెస్‌కు రెండో షిఫ్టు. ఈ అంకెలు షిఫ్ట్ ఇంజనీరు రిజిస్టరు మొదటి పేజీలో ఉండాలి. నెలకోసారి 24 గంటల కాంపోజిట్ నమూనా, మూడు నెలలకోసారి డ్రాడౌన్ పరీక్ష (వెట్‌వెల్ మట్టం దించి పంపును కొలవడం) ఓ అండ్ ఎం (నిర్వహణ) కాంట్రాక్టులో బిల్లుతో ముడిపెట్టిన అంశాలుగా రాశారు.